నొక్కుడు గడియ

సోమవారం, పొద్దుటి షిఫ్ట్

పిల్లల గది దినచర్య. రాసేది వినోద. పిల్లలందరు వచ్చిన్రు. ఇద్దరికి జలుబు. గంజిల ఉప్పు ఎక్కువైంది, సగం మిగిలింది.

ఇయ్యాల నాకు, నాతోని పిల్లలను చూసే బుచ్చక్కకు ఊపిరి పెట్టెల మీద కొత్త గడియలు వేసిన్రు. పెట్టెల గది ఇన్‌చార్జి జనార్దన్ సార్ తానే వచ్చిండు. ముందు నన్ను కూసోబెట్టిండు. స్పేర్ పెట్టె ఒకటి నా ఒళ్లె పెట్టి, ఛాతి మీది పెట్టెను నడిపించే కార్డు తీసి దాంట్లకు మార్చిండు, గొట్టం మార్చిండు. మార్చేటప్పుడు ఊపిరి ఆగుతది. ఎన్నిసార్లు మార్చుకున్నా ఆ కొంచెంసేపు నాకు అలవాటు కాదు. నీళ్లల్ల తల పట్టి ముంచినట్టు ఉంటది. కండ్లు మూసుకొని బెంచీని గట్టిగ పట్టుకున్న.

పిల్లలు చుట్టూ చేరి చూసిన్రు. వాళ్లకు పెట్టెలు లేవు. వాళ్లు ఈ బొగ్గు బాయిలనే పుట్టిన్రు, కింది చల్లగాలిల. పైన ఆ ఎండల, ఆ పొగల పెరిగి దిగినోళ్లం మేము మాత్రం పెట్టె కొట్టకపోతే ఊపిరి గుంజుకోలేం. మా పూర్ణకు మూడేండ్లు నిండినయి. "అమ్మా, నాకెప్పుడు పెడతరు పెట్టె?" అని అడిగింది. నీకు వద్దు బిడ్డా, అన్న. అలిగి మూలకు పోయి కూసుంది.

పాత గడియకు పక్కన చిన్న మీట ఉండేది. మీటను బయటికి తిప్పి కిందికి గుంజితే కార్డు లేచేది. బొగ్గుదుమ్ము పట్టి ఆ మీటలు విరుగుతున్నయట. అందుకే ఇవి. నొక్కుడు పెన్ను తీరుగ పనిచేస్తయి. ఒక్కసారి నొక్కితే కార్డు కూసుంటది, మల్ల నొక్కితే బయటికొస్తది.

"లోపట గుండె ఆకారంల సన్న కాలువ ఉంటది," అని చెప్పిండు సార్. "దాంట్ల తీగె ముక్క తిరుగుతది. మొదటిసారి నొక్కితే తీగె పోయి గుండె నడుమ గుంటల ఆగుతది. రెండోసారి నొక్కితే గుంట దాటి జారుతది, స్ప్రింగు కార్డును తంతది. మీట లేదు, విరిగేది లేదు."

బుచ్చక్క తన పెట్టె మీద బొటనవేలు పెట్టి ఒత్తి చూసింది. టిక్కుమన్నది. మల్ల ఒత్తింది. కార్డు లేచింది, ఊపిరి ఆగిందని పెట్టె పిట్టకూత పెట్టింది. పిల్లలు పడిపడి నవ్విన్రు. బుచ్చక్క గబగబ మల్ల నొక్కేసి, "సారూ, వీళ్లకు మంచి ఆట తెచ్చిచ్చినవు," అన్నది.


గురువారం

మా ఆయన సారంగం బొగ్గు బెల్టు కాడ డ్యూటీ దిగి వచ్చిండు. గుమ్మంల అడుగు పెట్టంగనే పూర్ణ ఉరికి పోయి, ఎగిరి, తలకాయతోని ఆయన ఛాతిల గుద్దుతది. ఇది రోజూ ఉండేదే. ఇయ్యాల గుద్దంగనే టిక్కుమన్నది, పిట్టకూత మొదలైంది.

సారంగం నవ్విండు. బిడ్డను ఒక చేతుల పట్టుకొని ఇంకో చేత్తోని కార్డు నొక్కుకున్నడు. "నీ తలకాయ గడియను మించింది కదనే," అన్నడు.

నేను నవ్వలేదు. ఆయన ముఖం చూసిన. నొక్కేలోపట పెదవులు నీలంగ తిరిగినయి. ఆయనకు తెల్వలేదు, నాకు కనవడ్డది.

అన్నం తినేటప్పుడు అడిగిన, నువ్వు నిద్రల బోర్లా పండుతవు కదా, ఎట్ల అని. "పెట్టె కూస్తది, లేస్త," అన్నడు. లేవకపోతే? పక్కకు తిరిగి పండుమన్న.


బుధవారం

దినచర్యల ఇది రాయొచ్చో లేదో తెల్వదు. రాస్తున్న.

మొదట్ల గడియను బొటనవేలుతోని గట్టిగ ఒత్తితే గని కదిలేది కాదు. ఇప్పుడు చూపుడువేలు ఆనిస్తె చాలు. దుమ్ము ఆ సన్న కాలువలకు పోయి గుంటను అరగదీస్తుంది కావచ్చు. నీళ్ల నల్ల కాడ ఆడోళ్లందరు అదే మాట. ఒకామె బిందె చంకకు ఎత్తుకుంటే లేచిందంట. ఒకాయన కుర్చీల వంగి బూటు కట్టుకుంటే లేచిందంట. చెప్పుకుంటూ నవ్వుతున్నరు. నవ్వుకుంటనే ఒక చెయ్యి పెట్టె మీద అడ్డం పెట్టుకుంటున్నరు.

పెట్టెల గదికి పోయిన. జనార్దన్ సార్ ముందల మస్తుమంది నిలబడ్డరు. "దుమ్ము తుడుచుకోండ్రి. జాగ్రత్తగ ఉండండ్రి. పాత మీటలు ఇగ లేవు, కరిగించిన్రు," అంటున్నడు. గొంతు పోయింది ఆయనకు. నాకు ఒక బ్రష్షు ఇచ్చిండు.


శుక్రవారం

బుచ్చక్క పోయింది.

పిల్లలు మధ్యాహ్నం పండే యాల్ల. నేను పక్కగదిల గిన్నెలు కడుగుతున్న. నల్ల చప్పుడు, గిన్నెల చప్పుడు. లోపట బుచ్చక్క గోడకు ఒరిగి కూసొని చిన్న పోరన్ని ఛాతి మీద పండబెట్టుకొని జోకొడుతున్నది. వాడు ఆమె మీద తప్ప ఎక్కడ పండడు. నల్ల బంద్ చేసినంక పిట్టకూత ఇనవడ్డది. ఎప్పటిసంది కూస్తుందో తెల్వదు. ఇనవడంగనే ఉరికిన.

పిల్లలందరు నిద్రల ఉన్నరు. బుచ్చక్క కూడ నిద్రపోయినట్టే ఉంది. పోరని తల ఆమె పెట్టె మీద ఉంది. వాని చెంప కింద కార్డు సగం బయటికి లేచి ఉంది. ఆమె చెయ్యి వాని వీపు మీద ఉంది. ఇంకో చెయ్యి కార్డు దాకా వచ్చి ఆగింది. వాన్ని లేపకుండ చెయ్యి పెట్టాల్నని చూసిందేమో. వాన్ని పక్కకు నెట్టేస్తే బతికేది. నెట్టలేదు.

వాన్ని తీసి పండబెట్టిన. కార్డు నొక్కిన. పెట్టె కొట్టింది, ఛాతి లేచింది, పడ్డది, లేచింది. కండ్లు తెరవలే. ఎంతసేపు అట్ల పట్టుకొని కూసున్ననో. పోరడు లేచి, "బుచ్చవ్వ లేస్తలేదు," అన్నడు. పండనియ్యి, అన్న.

జనార్దన్ సార్ వచ్చిండు, డాక్టరు వచ్చిండు. నేను పిల్లలందర్ని గోడ దిక్కు తిప్పి పాట పాడించిన.


సోమవారం

మైకుల చెప్పిన్రు. పెట్టె ఉన్నోళ్లెవరు పిల్లలను ఛాతికి ఎత్తుకోవద్దు. వీపు మీదనే మొయ్యాలె. కౌగిలించుకోవద్దు. బోర్లా పండొద్దు. పిల్లలకు నేర్పాలె, పెట్టె ముట్టొద్దని.

బుచ్చక్క బదులు సుగుణ అనే పిల్ల వచ్చింది. పెండ్లి కాలేదు, పిల్లలతోని పని కొత్త. నేను ఎట్ల చెప్తే అట్ల చేస్తున్నది. ఇద్దరం కలిసి పిల్లలకు ఆట నేర్పినం. మా దగ్గరికి వస్తే చేతులు ఎనకకు కట్టుకొని రావాలె. తల నిమురుతం, ఛాతికి మాత్రం ఆనించుకోం. పెద్ద పిల్లలు తొందరగ నేర్చుకున్నరు. చిన్నోళ్లు ఏడుస్తున్నరు. పడి మోకాలు కొట్టుకుపోయినోడు చేతులు చాపుకుంట వస్తడు, మేము చేతులు అడ్డం పెట్టి ఆగుమంటం. వాడు మా ముఖం చూస్తడు. ఆ చూపు గురించి రాయలేను.

బుచ్చక్క మీద పండిన పోరడు ఇగ ఎవరి దగ్గరికి వస్తలేడు. వానికి ఎవరేం చెప్పలేదు. ఐనా వస్తలేడు.


బుధవారం

పూర్ణను కొట్టిన.

అన్నం పెడుతుంటే కూసున్నచోటి నుంచి లేచి నా మెడ మీద పడ్డది. టిక్కుమన్నది. కార్డు లేచింది. నేను నొక్కుకున్న. నొక్కుకున్నంక చెంప మీద ఒకటి వేసిన. ఇంకోటి వేసిన. పెట్టె ముట్టుకుంటే కొడత, మల్ల ముట్టుకుంటే మల్ల కొడత, అని అరిచిన. నా గొంతు నాకే కొత్తగ ఇనవడ్డది.

అది ఏడవలేదు. చేతులు ఎనకకు కట్టుకుంది, పిల్లల గదిల నేర్పినట్టు. అట్ల నిలబడి చూసింది.

సారంగం మా రెండు మంచాలకు నడుమ ఒక చెక్క అడ్డం పెట్టిండు. ఇప్పుడు నేను ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు, బిడ్డ వేరే చాప మీద. నాకు నా బిడ్డంటె భయమైతుంది అని ఆయనతోని అన్న. "నాక్కూడ," అన్నడు.


శనివారం

ఇగ అందరు తీగెలు కట్టుడు మొదలుపెట్టిన్రు. కార్డు మీది నుంచి అడ్డంగ సన్న ఇనుప తీగె చుట్టి ముడేస్తె కార్డు లేవదు. బెల్టు కాడ పనిచేసే పోచాలు మొదలు కట్టిండు. సారంగానికి దోస్తు. మా ఇంటికొచ్చి చూపించిండు. పిడికిలితోని తన పెట్టెను దబదబ గుద్దుకున్నడు. కార్డు కదలలే. తన బిడ్డను ఎత్తుకొని ఛాతికి ఒత్తుకున్నడు మా ముందలనే, ఆ పిల్ల చెంప తీగెకు గీసుకొని ఎర్రగైనా ఇడువలేదు.

"వదినా, కట్టనా మీకు?" అన్నడు.

కట్టు అనబోయిన. సారంగం, "రేపు కట్టుకుందం లే," అన్నడు. ఆయనకు ఎందుకో తీగె నచ్చలే.

పెట్టెల గదోళ్లు తీగె కట్టొద్దని మైకుల చెప్పిన్రు. ఎవరు ఇనలే.


మంగళవారం

పోచాలు పోయిండు. బెల్టు కాడ పనిల ఉండంగ ఆయన పెట్టె మోటరు ఆగిపోయింది. అట్ల అప్పుడప్పుడు ఐతది. అందుకే ప్రతి చోట స్పేర్ పెట్టె గోడకు తగిలించి ఉంటది. కార్డు తీసి దాంట్ల పెట్టాలె, గొట్టం మార్చాలె. పోచాలు స్పేర్ పెట్టె దాకా పోయిండు. కార్డు రాలే. తీగె.

సారంగం పక్కనే ఉన్నడు. ముడి గోర్లతోని ఇప్పిండు, రాలే. పట్కారు ఎవరి దగ్గర లేదు. పండ్లతోని కొరికిండు. తీగె తెగింది. తెగేసరికి పోచాలు ఆయన చేతులల్ల బరువైండు.

ఇంటికొచ్చిండు. పెదవి కోసుకుపోయి ఉంది. కూసొని ఒక్క మాట అన్నడు. "లేస్తే ఒక చావు, లేవకపోతే ఒక చావు."

నేను ఆయన పక్కన కూసున్న. భుజం మీద చెయ్యి వేసిన. దగ్గరికి జరగలేదు. ఆయన కూడ జరగలేదు. ఇద్దరికీ ఒకరి పెట్టె ఒకరికి కనవడుతున్నది.

సాయంత్రానికి అందరు తీగెలు ఇప్పుకున్నరు. నేనైతే కట్టుకోనే లేదు. సుగుణ కూడ ఇప్పుకునే ఉంటది.


గురువారం

జనార్దన్ సార్ పిల్లల గదికొచ్చిండు. పని మీద కాదు. తలుపు కాడ నిలబడి పిల్లలు ఆడుకునేది చూసిండు. కుర్చీ వేసిన. కూసున్నడు.

"మా చిన్నోనికి ఏడాది నిండలే," అన్నడు. "నేను ఎత్తుకుంటలేను. వాళ్లమ్మ గోడ దిక్కు తిరిగి పక్కకు పండి పాలిస్తది. ఇద్దరం ఒకలను చూసి ఒకలం భయపడుతున్నం."

"గడియ మార్చరాదు సార్?"

"పైనుంచి లారీ వస్తే మారుస్త. మీటలు లేవు. కొత్త గడియ నేను గీసి పంపిన. రెండు దిక్కుల రెండు చెవులు ఉండాలె. రెండు చెవులు ఒక్కసారి వేళ్లతోని పిసికి గుంజితే గని కార్డు రావొద్దు. మీద పడితే రావొద్దు, చేతికి మాత్రం రావాలె." తన పెట్టె మీద వేలు ఆనించి తీసేసిండు. "మొదట్ల నాకెందుకు తట్టలేదో. బల్ల మీద పెట్టి చూసిన అమ్మా నేను. బల్ల మీద మంచిగ పనిచేసింది. పిల్లలను ఎత్తుకుంటరని అనుకోలే."

లారీ ఎప్పుడొస్తదని అడిగిన. ఎండ తగ్గాలె, అన్నడు.


ఆదివారం

ఇయ్యాలనే రాయాలె. రేపటికి కొన్ని మరిచిపోత. మరిచిపోతే మంచిదే, కాని రాసిపెట్టాలె.

నిన్న పొద్దుగాల బెల్టు అంటుకుంది. పెద్ద గ్యాలరీ సొరంగం నిండ పొగ. మా గదికి ఉన్న ఇనుప తలుపు దానంతట అదే పడ్డది. పొగ రాకుండ అట్ల పెట్టిన్రు. తలుపు పడంగనే లోపలికి గాలి కూడ ఆగింది. పిల్లలు మొదట గమ్మున ఉన్నరు. తర్వాత ఒకరిని చూసి ఒకరు ఏడ్చిన్రు.

ఫోన్ల జనార్దన్ సార్ చెప్పిండు, గది ఎనక పాత గాలిదారి ఉంది, దాన్నుంచి అవతలి గ్యాలరీకి రావొచ్చు, అవతల మనుషులు ఉన్నరు, తాడు పంపుతున్నరు అని. గాలిదారి మూతికున్న జాలీ ఊడదీసి చూసిన. మొదట్ల వంగి పోవొచ్చు. నడుమ పైకప్పు దిగింది. ఆడ పండుకొని పోవాలె.

పెద్ద పిల్లలను ముందు పంపినం, తాడు పట్టుకొని పాకుకుంట. అవతల సారంగం గొంతు ఇనవడుతున్నది. ఒక్కొక్కల పేరు పిలుస్తుండు. పేరు పిలిచి, వచ్చినంక, "వచ్చింది," అంటుండు. ఆ మాట ఇనుకుంట నేను తర్వాతోళ్లను పంపుతున్న.

చిన్నోళ్లు ఇద్దరు, పూర్ణ మిగిలిన్రు. సుగుణ ఇద్దర్ని తీసుకుంట అన్నది. "ఇద్దర్ని ఎట్ల?" అన్న. రవిక పక్కకు జరిపి చూపించింది. తీగె ఉంది. "అక్కా, నేను ఇప్పలే. తిట్టకు." తిట్టలేదు. పొమ్మన్న. ఒకన్ని వీపుకు కట్టుకుంది, బుచ్చక్క మీద పండే పోరన్ని ఛాతికి కట్టుకుంది. వాడు ఊరుకున్నడు. బోర్లా పాకుకుంట పోయింది. తీగె కట్టుకోనందుకు నన్ను నేను ఆ క్షణం తిట్టుకున్న.

నేను బోర్లా పోలేను. నేల ఒత్తితే కార్డు లేస్తది. ఎల్లకిలా పండుకున్న. పూర్ణను పొట్ట మీద పండబెట్టుకొని, అవతలోళ్లు పంపిన తాడు మణికట్లకు చుట్టుకొని, చేతులు తల మీదికి చాపిన. వాళ్లు తాడు గుంజాలె, నేను మడమలతోని నెట్టుకోవాలె. తలకాయ పైకి పెట్టొద్దు, పెట్టె ముట్టొద్దు, అని పూర్ణకు చెప్పిన. తల ఊపింది. చేతులు ఎనకకు పెట్టుకుంది.

కొంత దూరం మంచిగనే పోయినం. పైకప్పు నా ముక్కు ముందలికి వచ్చింది. బిడ్డ వీపు రాయికి ఆనింది. రాయి బిడ్డను నా మీదికి ఒత్తింది.

టిక్కుమన్నది.

పిట్టకూత ఆ ఇరుకుల చెవులు పగిలేటట్టు ఉంది. చేతులు కిందికి తేవాల్నని చూసిన. మోచేతులు రెండు దిక్కుల రాళ్లకు తగిలి ఆగినయి. రాలేదు. ఎనకకు జరగాల్నని చూసిన, తాడు ముందలికి గుంజుతున్నది. ఛాతిల ఉన్న గాలి ఎంతో అంతే. ఆ గాలితోనే మాట్లాడాలె.

"పూర్ణా. నొక్కు."

కదలలే.

"కార్డు. నొక్కు బిడ్డా."

చీకట్ల దాని ముఖం కనవడుతలేదు. ఊపిరి మాత్రం నా గదవ మీద తగులుతుంది. "కొడతవు," అన్నది.

కొట్టను, అన్న. అన్ననో, అనుకున్ననో. పెదవులు కదిలినయి. "నొక్కు, కొట్టను."

చిన్న చెయ్యి వచ్చింది. తడుముకుంది. నొక్కింది. టిక్కుమన్నది. పెట్టె ఒక్కసారి కొట్టింది, గాలి లోపలికి వచ్చింది. చెయ్యి తీసింది. తియ్యంగనే కార్డు లేచింది. కూత మల్ల మొదలైంది. మల్ల నొక్కింది, తీసింది. లేచింది. ఆ గుంట ఇగ లేదు. అరిగి నున్నగైంది. లోపటి తీగె ముక్క కూసునే చోటు లేదు.

అప్పటికి నా కండ్లల్ల రంగులు తిరుగుతున్నయి. మూడోసారి అది నొక్కినప్పుడు వచ్చిన గాలినంత ఒక్క మాటకు పెట్టిన.

"తియ్యకు."

తియ్యలే. అరచెయ్యి అట్లనే ఒత్తిపెట్టింది. సరిపోదనుకుందేమో, రెండో చెయ్యి కూడ దాని మీద పెట్టింది. దాని మీద గదవ పెట్టింది. పెట్టె కొట్టింది, కొట్టింది, కొడుతనే ఉంది. ఇన్ని రోజులు నేను రానియ్యని తీరుగ నా బిడ్డ నా ఛాతికి కరుచుకొని ఉంది. తాడు గుంజిన్రు. మేము జరిగినం. రాయి దాని వీపును గీరుతుంటే అది సన్నగ మూలుగుతున్నది, చెయ్యి మాత్రం జరపలే.

వెలుతురు ముఖం మీద పడ్డది. సారంగం, "వచ్చింది," అన్నడు. బిడ్డను ఎత్తుకోబోయిండు. అది కెవ్వుమన్నది. "తియ్యొద్దన్నది అమ్మ." ఆయనకు అర్థం కాలే, మల్ల చంకల కింద చేతులు వేసిండు. సుగుణ ఆయన చెయ్యి పట్టి ఆపింది. "అన్నా, ఆగు. ఆ పిల్ల చెయ్యే కార్డును పట్టి ఆపుతున్నది."

జనార్దన్ సార్ మోకాళ్ల మీద కూసొని తన బొటనవేలు పూర్ణ వేళ్ల పక్కకు దూర్చిండు. "నేను పట్టుకున్న, చూడు. ఇప్పుడు తియ్యి," అన్నడు. అది నా దిక్కు చూసింది. నేను తల ఊపిన. అప్పుడు తీసింది. సార్ స్పేర్ పెట్టె తెప్పించి కార్డు దాంట్లకు మార్చిండు. బిడ్డ అరచేతుల కార్డు అంచు లోతుగ పడి ఉంది.


సోమవారం

పిల్లలందరు వచ్చిన్రు. కొత్త గది. గంజి మొత్తం తిన్నరు.

ఎండ కొంచెం తగ్గిందట, లారీ వచ్చింది. కొత్త గడియలు వేస్తున్నరు. రెండు దిక్కుల రెండు చెవులు. జనార్దన్ సార్ నా పెట్టెకు వేసి, పిడికిలితోని గుద్దమన్నడు. గుద్దిన. సుత్తి పిడితోని కొట్టిండు. కదలలే. "ఇప్పుడు పిసికి గుంజు," అన్నడు. గుంజిన. వచ్చింది, సులువుగ. మల్ల పెట్టిన. మంచిగుంది సార్, అన్న. ఆయన మెచ్చుకోలు కోసం చూస్తలేడు. పక్క పెట్టె తీసుకున్నడు.

సుగుణ వచ్చి తన తీగె ఇప్పించుకుంది. ముడి ఇప్పేటప్పుడు ఏడ్చింది.

బుచ్చక్క పోరడు ఇప్పుడు సుగుణ దగ్గర మాత్రం పండుతుండు.


శుక్రవారం

పూర్ణ చెయ్యి తీస్తలేదు.

ఆ రోజుసంది నేను కూసుంటే వచ్చి పెట్టె మీద అరచెయ్యి పెడతది. అన్నం తినేటప్పుడు ఒక చేత్తోని తింటది, ఒక చెయ్యి ఈడనే. పండుకుంటే పక్కల పండి చెయ్యి పెడతది. నిద్రల చెయ్యి జారితే ఉలిక్కిపడి లేచి మల్ల పెడతది. నేను డ్యూటీల ఉంటే పిల్లలతోని ఆడదు, నా వెంట తిరుగుతది. డాక్టరు ఏమన్నడంటె, పోతది, టైం పడతది అన్నడు.

ఇయ్యాల కూసోబెట్టి చూపించిన. నా పెట్టెను నేనే గుద్దుకున్న. చూడు, లేస్తలేదు. సారంగం వచ్చి తన పెట్టె గుద్దుకున్నడు. బోర్లా పండి లేచిండు. "ఇగ నువ్వు గుద్దు," అని అడిగిండు పూర్ణను. తల అడ్డంగ ఊపింది. "వచ్చి నా మీద పడు, ఎప్పటి తీరుగ." ఊహూ అన్నది. మమ్మల్ని ఇద్దర్ని చూసింది, మేమే ఏదో తెల్వని పిల్లలమైనట్టు.

ఆయన బయటికి పోయి నిలబడ్డడు. నేను ఆ చిన్న చెయ్యిని నా చెయ్యితోని కప్పి కూసున్న.


బుధవారం

మధ్యాహ్నం గంజి పెట్టినంక పెద్ద పిల్లలు తాడాట మొదలుపెట్టిన్రు. ఒకరు పేరు పిలుస్తరు, పేరు వచ్చినోళ్లు తాడు కిందికెళ్లి పాకి రావాలె, అవతలోడు "వచ్చింది" అనాలె. ఈ ఆట ఎవరు నేర్పిన్రో నేను అడగలే. ఆపాల్న వద్దా అని సుగుణ నా దిక్కు చూసింది. ఆడుకోనియ్యి, అన్న.

పూర్ణ నా పక్కన ఉంది, చెయ్యి పెట్టె మీద. ఆట చూస్తుంది. పూర్ణ పేరు పిలిచిన్రు. కదలలే. మల్ల పిలిచిన్రు. నా ముఖం చూసింది. నేనేం అనలే. పో అంటే పోదు, ఉండు అంటే ఉండిపోతది.

బుచ్చక్క పోరడు వచ్చి దాని ముందల నిలబడి, "నీ వంతు," అన్నడు.

అది లేచింది. ముందు వేళ్లు లేచినయి, తర్వాత అరచెయ్యి. కొంచెంసేపు గాలిల ఆపి పెట్టె దిక్కు చూసింది. పెట్టె కొడుతున్నది. తిరిగి ఉరికింది. తాడు కిందికెళ్లి పాకింది, అవతల లేచి నిలబడ్డది, "వచ్చింది" అన్నరు, నవ్వింది. ఆట నడుస్తుంది. ఇటు చూస్తలేదు.

పెట్టె మీద దాని చెయ్యి ఉన్నచోటు చల్లగైంది. ఆడ నేను నా కుడి చెయ్యి పెట్టుకున్న. గట్టిగ ఒత్తిపెట్టుకున్న. ఇది రాసేది ఎడమ చేత్తోని, అందుకే అక్షరాలు వంకర పోతున్నయి.